పంచ్ : నిమ్మరసపు మిశ్రపానీయము

నిమ్మజాతి ఫలముల రసమును, చక్కెరను, మద్యమును, నీటిని, ఏదేని యొక సుగంధద్రవ్యమును ఒక విశాలపాత్రలో కలిపి, చల్లబరచి, పలువురు కూడి సేవించుటకై సిద్ధపరచెడి పానీయమునకు పంచ్ అని పేరు. నేడు కాక్‌టెయిల్ అను సామాన్యనామముతో వ్యవహరింపబడుచున్న పుల్లని మిశ్రపానీయములలో, అనగా క్యూబావారి డైకిరి, పెరూవారి పిస్కో సవర్, మెక్సికోవారి మార్గరీటా మొదలగువానిలో, పెక్కింటికి ఇదియే మాతృక. అవి యన్నియు పంచ్‌నందలి ఐదంగములలో ఒకటి రెండింటిని తగ్గించియో మార్చియో ఒక్కరు త్రాగు గ్లాసునకు సరిపడునట్లు కుదించినవి మాత్రమే. కావున గృహమున కన్నుల కింపుగను, దాహశమనకరముగను ఒక నిమ్మపానీయమును చేయగోరువారు పది వేరువేరు పాకములను కంఠస్థము చేయుటకంటె ఈ యొక్కదాని నిర్మాణసూత్రమును గ్రహించుట మేలు. ఆ సూత్రమునందు మద్యమే ప్రధానమని సామాన్యులు తలంతురు గాని అది భ్రమ. మద్యమును తీసివేసినను పంచ్ మంచి పానీయముగనే నిలుచును, నిమ్మపండును తీసివేసినచో మిగులునది తియ్యని సారా మాత్రమే.

ఈ పానీయమును గూర్చి లిఖితరూపమున లభించుచున్న తొలి ప్రస్తావన ఆంధ్రతీరమునకు సంబంధించినది. 1611 లో గ్లోబ్ అను నోడ ఈ తీరమును చేరినది మొదలు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తకులు మచిలీపట్టణమునను, పాశ్చాత్యులు పెటపోలి యని వ్రాసిన రేవునందును తమ వర్తకస్థానములను నెలకొల్పుకొనిరి. ఆ పెటపోలి నేడు బాపట్ల జిల్లాలోని నిజాంపట్నము. 1632 సెప్టెంబరు 28వ తేదీన రాబర్ట్ ఆడమ్స్ అను కంపెనీ ఉద్యోగి అచ్చటనున్న థామస్ కాలీ అను వర్తకునకు వ్రాసిన లేఖలో, క్షేమసమాచారముల నడుమ, పంచ్ త్రాగు మాట యొకటి దొరలినది. ఆ పానీయమేమో, దానినెట్లు చేయుదురో ఆ లేఖ చెప్పదు; చెప్పవలసిన యక్కర లేకపోవుటయే అప్పటికది యా తీరపు పాశ్చాత్యులకు చిరపరిచితమై యుండెనని తెలుపుచున్నది. ఆరేండ్ల పిమ్మట, 1638 లో, సూరతునకు వచ్చిన జర్మను యాత్రికుడు మాండెల్‌స్లో అచ్చటి యాంగ్లేయులు త్రాగుచుండిన పానీయమున మద్యము, పన్నీరు, నిమ్మజాతి ఫలరసము, చక్కెర కలియుచుండెనని వ్రాసెను. మొగలు ఆస్థానమున వైద్యుడుగ నుండిన ఫ్రెంచివాడు బెర్నియే జాజికాయను గూడ పేర్కొనెను. 1673 లో మచిలీపట్టణమున దిగిన జాన్ ఫ్రయర్ అను వైద్యుడు గోవా ప్రాంతపు సారాను ప్రశంసించి, దానితో ఐదు దినుసులు కలిపి చేయుట చేతనే పంచ్ అను పేరు వచ్చినదని చెప్పెను. ఈ వ్యుత్పత్తి నంగీకరింపనివారును గలరు. ఆ వివాదముతో పానీయము చేయువానికి పని లేదు.

ఇది ఈ తీరమున నేల నెలకొన్నదను ప్రశ్నకు సమాధానము కష్టము కాదు. ఇంగ్లండునుండి పీపాలలో వచ్చిన బీరు ఉష్ణమండల సముద్రములను దాటునప్పటికి పులిసి చెడిపోవుచుండెను. ద్రాక్షసారాయమునకు వెల యధికము. ఇచ్చటనో, తాటికల్లును బట్టీపట్టి దించిన సారా, చెరకునుండి వచ్చిన చక్కెరయు బెల్లమును, ఏడాది పొడుగున కాయు నిమ్మపండ్లు, ఏలకులు, మిరియములు, జాజికాయ, అన్నియు సంతలోనే చౌకగా దొరకుచుండెను. సారాను నీటితో పలుచన చేసి, దాని కటుత్వమును పులుపుతోను తీపితోను మరుగుపరచుట విదేశీయులకు తోచిన యుపాయము. బెల్లము, నీరు, మిరియము, ఏలకి కలిపి చేసిన పానకమును శ్రీరామనవమినాడు ఇంటింట త్రాగుటయు, మంగళగిరియందు నరసింహస్వామికి నివేదించుటయు మనకు తరతరముల యాచారము; కొందరు దానియందు నిమ్మరసమును గూడ పిండుదురు. పంచ్‌నకు మూలము పానకమేయని సాహసించి చెప్పరాదు. అయినను ఐదంగములలో నాలుగు నిమ్మ పిండిన పానకమున నుండుటను, ఐదవదానిని మాత్రమే నావికుడు చేర్చుకొనుటను గమనింపకుండుటయు తగదు.

అచ్చటినుండి ఈ పానీయము ఓడలపై లోకమంతయు తిరిగినది. ఇంగ్లండునందు రెస్టొరేషను అను రాజరికపునఃస్థాపన కాలమునకే అది ధనికుల విందులకు భూషణమైనది. 1694 లో నౌకాసేనాని ఎడ్వర్డ్ రసెల్ స్పెయిన్ తీరమున ఒక యుద్యానములోని జలాశయమునే పంచ్‌పాత్రగ మార్చి వేలకొలది యతిథులకు విందు చేసెననియు, ఒక బాలుడు చిన్న దోనె నెక్కి ఆ మద్యసరస్సుపై తిరుగుచు వడ్డించెననియు చెప్పుదురు. ఆ కథలోని నిమ్మపండ్ల సంఖ్య చెప్పినవారి నుత్సాహమును బట్టి మారుచుండును గాన ఇచ్చట నీయలేదు. 1731 లో జేమ్స్ ఆష్లీ లండనునందు తెరచిన పంచ్‌గృహము పేదవాడు కూడ కొద్ది మోతాదును కొనగలుగునట్లు చేసెను. ఆ దశాబ్దమునందే హోగార్త్ చిత్రించిన ప్రసిద్ధమగు నర్ధరాత్ర పానగోష్ఠి చిత్రమున బల్ల మధ్యనున్న పెద్ద గిన్నెయు, నిమ్మతొక్కలును నేటికిని చూడవచ్చును. స్వీడనువారు 1731 లో స్థాపించుకొన్న తమ ఈస్టిండియా కంపెనీ ద్వారా జావాదీవి సారాను తెచ్చుకొని పున్ష్ అను తమ జాతీయపానీయముగ దానిని మలచుకొనిరి. పశ్చిమ ఇండీసు దీవులలో చక్కెర కర్మాగారముల మడ్డినుండి తీసిన రమ్ము చేరుటతో పంచ్ తన యౌవనమును మరల పొందినది: జమైకాయందు ప్లాంటర్స్ పంచ్, మార్టినీక్ గ్వాడలూపు దీవులలో చెరకురసపు రమ్ముతో చేసెడి తీ పంచ్, నేటికిని అచ్చటి నిత్యవ్యవహారములు. నవలాకారుడు డికెన్స్ 1847 లో ఒక స్నేహితురాలికి వ్రాసిన జాబులో తాను చేయు పంచ్ పద్ధతిని సాంగోపాంగముగ వివరించెను. నిమ్మతొక్కలను చక్కెరతో చేర్చి, దానిపై రమ్మును బ్రాందీని పోసి నిప్పంటించుట ఆయన ప్రక్రియ. చూచువారికది వినోదమే గాని మద్యమును మండించి పోగొట్టుటలో లాభమేమో ఆయన చెప్పలేదు.

బ్రిటిషు నౌకాదళమునకు నిమ్మతో నున్న సంబంధము మరియొక మార్గమున కూడ పంచ్‌నకు తోడ్పడినది. 1740 లో సేనాని వెర్నన్ నావికులకిచ్చు రమ్మును నీటితో నాలుగింతలు పలుచన చేయవలసినదని యాజ్ఞాపించి, కోరువారు చక్కెరను, నిమ్మపండ్లను తెచ్చుకొని కలుపుకొనవచ్చునని చేర్చెను. 1747 లో సాలిస్‌బరీ యను నోడపై జేమ్స్ లిండ్ పండ్రెండుగురు స్కర్వీరోగులను ఇద్దరిద్దరిగ విభజించి వేరువేరు చికిత్సలు చేయగా, నారింజలు నిమ్మపండ్లు తిన్నవారిద్దరే త్వరగా కోలుకొనిరి. ఆ ఫలితము ప్రభుత్వాజ్ఞగ మారుటకు 1795 వరకును పట్టినది. 1867 లో లాక్లన్ రోజ్ మద్యము చేర్చకయే నిమ్మరసమును చక్కెరతో నిలువ చేయు పద్ధతికి పేటెంటు పొందెను.

ఇక గిన్నె పోయి గ్లాసు వచ్చుటకు ప్రధానకారణములలో నొకటి మంచుగడ్డ. అమెరికనుడు ఫ్రెడెరిక్ ట్యూడర్ 1833 లో టస్కనీ యను నోడపై బోస్టనునుండి ఇంచుమించు 180 టన్నుల సరస్సుమంచును కలకత్తాకు పంపగా, నాలుగు మాసముల ప్రయాణానంతరము సుమారు 100 టన్నులు కరగక మిగిలెను. మద్రాసు సముద్రతీరమున ఆ మంచును దాచుటకు కట్టిన ఐస్‌హౌస్ నేటికిని నిలిచియున్నది; 1897 లో వివేకానందస్వామి బస చేయుటచే ఆయన పేరనే అది ప్రసిద్ధమైనది. అమెరికాయందు మంచు చౌకయగుటతో ఏ గ్లాసునకాగ్లాసు కలిపి యిచ్చుట సాధ్యమైనది. పారిశ్రామికయుగపు తొందరలో గంటలకొలది గిన్నె చుట్టు కూర్చుండు తీరికయు తగ్గినది. 1862 లో జెర్రీ థామస్ ప్రకటించిన మిశ్రపానీయగ్రంథము, తద్విషయమున అమెరికాలో వెలువడిన మొట్టమొదటి ముఖ్యగ్రంథము, పంచ్‌లతోనే ప్రారంభమగును. కాక్‌టెయిళ్లకు అందు లభించిన పుటలు స్వల్పము. తరువాతి కాలమున ఆ నిష్పత్తి తలక్రిందులైనది.

పంచ్ చేయువాడు మొదట ఎరుగవలసినది ఫలమును. నిమ్మజాతి వృక్షములన్నియు హిమాలయముల ఆగ్నేయ సానుప్రాంతమునందు పుట్టి వ్యాపించినవని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మాదీఫలము, పంపరపనస, కమలాజాతి అను మూటిని మూలజాతులుగ నెంచుదురు. తక్కినవానిలో పెక్కు వీని సంకరము వలన కలిగినవే. పంపరపనసయు కమలయు కలియుట వలన పుల్లనారింజ పుట్టినది. పుల్లనారింజయు మాదీఫలమును కలియుట వలన లెమన్ అనబడు పచ్చని పెద్దనిమ్మ పుట్టినది. మన సంతలలో దొరకెడి పలుచని తొక్క గల చిన్ననిమ్మకు మాదీఫలము తండ్రి కాగా, తల్లి ఫిలిప్పైన్సు దీవుల యడవిజాతి. గ్రేప్‌ఫ్రూట్ 18వ శతాబ్దమున బార్బడోసు దీవియందు పంపరపనస, బత్తాయి కుటుంబముల కలయికచే యాదృచ్ఛికముగ జనించినది. తెలుగుదేశమున గూడూరు నిమ్మకును, నల్లగొండ, అనంతపురము బత్తాయికిని పేరెన్నికగన్నవి. పంచ్‌నకు పులుపు నిచ్చుటలో మన చిన్ననిమ్మను మించినది లేదు. దాని రసమున సిట్రిక్ ఆమ్లము నూటికి అయిదారు పాళ్లుండును. బత్తాయియందు అందు స్వల్పభాగమే యుండును. కావున నిమ్మకు బదులు బత్తాయిని పిండి పంచ్ చేయబూనుట పునాది లేని గోడను లేపుట. బత్తాయికిని, కమలకును పంచ్‌నందు వేరు పని కలదు: వాని రసము నీటికి బదులుగ పరిమాణమును, వర్ణమును, మృదుత్వమును చేకూర్చును.

రసమునకంటె తొక్క ముఖ్యమని చెప్పిన యెడల అతిశయోక్తి యని తోచవచ్చును గాని, పంచ్ విషయమున అది నిజము. నిమ్మజాతి ఫలపు పైతొక్కలో సూక్ష్మములైన తైలకోశములు కలవు. నిమ్మకు మనమెరిగిన సువాసన ఆ తైలమునందలి లిమొనీన్ మొదలగు ద్రవ్యముల వలన వచ్చునదే, రసమున నది మిక్కిలి స్వల్పము. తొక్క క్రింది తెల్లని మెత్తటి పొర మాత్రము చేదు. కావున పదునైన కత్తితో పైరంగు పొరను మాత్రము పలుచని పట్టీలుగ చెక్కి, చక్కెరతో కలిపి, చెక్కరోకలితో కొంచెము నలిపి, మూతపెట్టి మూడు నాలుగు గంటలుంచిన యెడల చక్కెర ఆ తైలమును పీల్చుకొని తడిసి, పరిమళించెడి ముద్దగ మారును. పూర్వపు పాకశాస్త్రజ్ఞులు దీనిని తైలశర్కర యను నర్థము గల లాటిను పేరుతో పిలిచిరి. ఈ యొక్క పని చేసినవాని పంచ్‌కును, చేయనివాని నిమ్మసారాకును గల భేదము మొదటి గుక్కలోనే తెలియును. మన చిన్ననిమ్మ తొక్క మరీ పలుచన గనుక చెక్కుట కష్టము. లెమన్ గాని, కమల గాని, పచ్చి దబ్బకాయ గాని ఇందుకు తగినవి. విదేశములనుండి వచ్చిన ఫలములకు మెరుపు కొరకు మైనము పూయుదురు గాన వానిని వేడినీట కడిగి గుడ్డతో రుద్దవలెను.

రసము పిండుటయందు ఒక హెచ్చరిక గలదు. బత్తాయిరసమును కొంతసేపు నిలువయుంచిన చేదెక్కుట గృహిణులందరు నెరిగినదే. ఫలమున రుచి లేక యుండిన యొక పదార్థము, గింజలు పొరలు నలిగి రసమున కలిసిన పిమ్మట, ఆ పులుపు చేతనే క్రమముగ లిమొనిన్ అను చేదుపదార్థముగ మారుటయే దీనికి హేతువు. నిమ్మరసము అంత త్వరగా చేదెక్కదు గాని, దాని తాజాతనము ఒక పూటలోనే చెడును. అందువలన ఏ రసమైనను వడ్డించు దినముననే, గింజలు నలుగకుండ పిండి, వడగట్టుట కర్తవ్యము. సీసాలలో నమ్మెడి నిమ్మసారముతో పంచ్ చేయదలచినవారికి ఈ వ్యాసము వలన ప్రయోజనమేమియు లేదు. పాత్ర విషయమున గాజు, పింగాణి, స్టీలు శ్రేష్ఠములు. కళాయి లేని ఇత్తడి రాగి పాత్రలను పులుపు తిని చిలుమును దించును గాన వానిని దరిచేరనీయరాదు.

పాళ్ల విషయమున బార్బడోసునందు ఒక పాత పద్యసూత్రము ప్రచారమున నున్నది: పులుపు ఒక పాలు, తీపి రెండు, ఘాటు మూడు, పలుచన నాలుగు అని దాని సారాంశము. ఇందు తీపి యనగా పలుచని పాకము. దానిని గట్టి పాకముగ నెంచి రెండు పాళ్లు పోసిన యెడల పానీయము పిల్లల మందువలె నగును. సుమారు పండ్రెండు గ్లాసులకు సరిపడు మితమైన ప్రమాణము నిట్లు చెప్పవచ్చును. మూడు లెమన్లు, ఒక కమల వీని తొక్కపట్టీలను 150 గ్రాముల చక్కెరతో పైన చెప్పినట్లు మాగవేసి, అందు 150 మిల్లీలీటర్ల వేడినీటిని పోసి కరగించి వడగట్టవలెను. చల్లారిన పిమ్మట తాజా చిన్ననిమ్మల రసము 150 మిల్లీలీటర్లు చేర్చవలెను. పండు పరిమాణమును బట్టి ఇందుకు ఎనిమిది పది నిమ్మలు పట్టును. తరువాత 450 మిల్లీలీటర్ల రమ్మును, 600 మిల్లీలీటర్ల చల్లని నీటిని కలిపి, పైన జాజికాయను కొంచెముగ కోరి, చిటికెడు ఉప్పు వేయవలెను. ఉప్పు పానీయమున కనబడదు. చేదును అణచి తక్కిన రుచులను పైకి తెచ్చును. నీటిలో సగమునకు బదులు పలుచని చల్లారిన తేనీరు పోయుట పూర్వులు మెచ్చిన పద్ధతి. తేయాకునందలి వగరు తీపికి వెన్నెముక నిచ్చును. సుగంధమునకు జాజికాయయే పురాతనము. ఏలకియు, దంచిన పచ్చి అల్లమును మన నాలుకకు సమీపము.

మంచు విషయమున చేయు పొరపాటులు తక్కిన యన్నిటికంటె నెక్కువ. ఒక గ్రాము మంచు కరగుటకు 80 కేలరీల ఉష్ణము కావలెను. ఆ యుష్ణమును పానీయమునుండియే గ్రహించుట వలన పానీయము చల్లబడును. కాని కరగిన ప్రతి బొట్టును పానీయమును పలుచన చేయును. చిన్న ముక్కలకు పరిమాణముతో పోల్చిన ఉపరితలమధికము గాన అవి త్వరగా కరగును. పెద్దగడ్డ నెమ్మదిగ కరగును. ముందునాటి రాత్రి ఒక గిన్నెడు నీటిని, అందు నిమ్మచక్రములను, దానిమ్మగింజలను, పుదీనాకును వేసి గడ్డకట్టించి, ఆ గడ్డను పంచ్‌పాత్రలో తేలవిడచుట ఉభయతారకము: చల్లదనమును అందమును ఒక్కమారే సమకూరును. శీతలత్వము నాలుకకు తీపిని తగ్గించి చూపును గనుక గదియుష్ణమున రుచి చూచునప్పుడు పానీయము రవంత తీపుగను, రవంత ఘాటుగను ఉండవలెనని యెరుగవలెను.

ఘాటు విషయము వచ్చినది గనుక దానిని స్పష్టముగ చెప్పుట మంచిది. మన దేశమున నమ్మెడి రమ్మునందు ఆల్కహాలు 42.8 శాతము. పై ప్రమాణముతో చేసిన పంచ్‌నందు అది ఇంచుమించు 13 శాతమగును, అనగా ద్రాక్షసారాయముతో సమానము. 120 మిల్లీలీటర్ల గ్లాసొక్కదానిలో సుమారు 37 మిల్లీలీటర్ల రమ్ముండును. పులుపును తీపియు ఈ బలమును నాలుకకు తెలియనీయవు. దాహముగొన్నవాడు షర్బతు త్రాగినంత వేగముగ మూడు గ్లాసులు త్రాగి లేచునప్పుడు గాని నిజము బోధపడదు. బండి నడుపవలసినవారికిని, గర్భిణులకును, పిల్లలకును ఇది తగదు. బట్టీసారాను ఎట్టి పరిస్థితులలోను వాడరాదు. అందు విషతుల్యమైన మెథనాలు కలియు ప్రమాదము కలదు. తెలుగునాట సారా యను మాట వెనుక మరియొక చరిత్రయు నున్నది. నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామస్త్రీలు 1992 లో ఆరంభించిన సారావ్యతిరేకోద్యమము 1993 లో సారా నిషేధమునకును, 1995 లో సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీసినది. ఆ నిషేధము 1997 లో సడలింపబడినది. దూబగుంటయు, నిమ్మకు పేరొందిన గూడూరును నాడు ఒకే జిల్లాలోని యూళ్లు. పంచ్‌నందు సారా, నిమ్మ అను ఈ రెండింటిలో దేనిని నిలుపుకొని దేనిని వదలుకొనవచ్చునో పైన చెప్పియేయుంటిమి.

మద్యము వదలిన పంచ్ కేవలము నిమ్మనీరు కాకుండుటకు, మద్యము చేయుచుండిన పనిని వేరొకటి చేయవలెను. ఆ పని మత్తు కాదు. గొంతులో రవంత మంటయు, నాలుకపై నిలుచు వగరును. చిక్కని తేనీటిచే వగరును, అల్లపురసముచే మంటను తెచ్చిన యెడల తక్కిన విధానమంతయు యథాతథముగ సాగును. 450 మిల్లీలీటర్ల రమ్మునకు బదులు 400 మిల్లీలీటర్ల చిక్కని తేనీరును, 50 మిల్లీలీటర్ల తేటపరచిన అల్లపురసమును చేర్చి చూచునది. దీనికి లోపమని చెప్పదగినది, మరుసటినాటికి నిలువ యుండకపోవుట యొక్కటియే.

ఇక వర్ణము. ఫలములే తమ రంగులను వెంట తెచ్చుకొనును: కమల, బత్తాయి రసముల పసుపు కెరోటినాయిడ్ల వలనను, ఎఱ్ఱ గ్రేప్‌ఫ్రూట్‌ గులాబిరంగు టమాటలోని లైకోపీన్ అను ద్రవ్యము వలనను, సిసిలీదీవి రక్తనారింజ యరుణిమ యాంథోసయానిన్ల వలనను కలుగును. రక్తనారింజకు ఆ రంగు చలిరాత్రుల వలన గాని పట్టదు. మన యెండలలో నా వృక్షమును పెంచినను పండు ఎఱ్ఱబారదు. అట్టి పండ్లు లేనిచోట దానిమ్మపాకము సర్వోత్తమము. గ్రెనడిన్ అను పేరున సీసాలలో నమ్మునది పలుమారులు రంగువేసిన చక్కెరపాకమే. తాజా దానిమ్మరసమును సమానపరిమాణపు చక్కెరతో సన్నని సెగపై కరగించుట పావుగంట పని. ఎఱ్ఱగోంగూర కాయల చుట్టునుండు కండగల యెఱ్ఱని రేకలు వేడినీట నానవేసిన గాఢమైన మాణిక్యవర్ణమును, సహజమైన పులుపును ఇచ్చును. మన మాకును మాత్రము తిని, ఆ రేకలను విత్తనమునకో పశువులకో విడచుట కద్దు. జమైకావారు వానిని అల్లముతో నానవేసి, రమ్ము చేర్చి, క్రిస్మసునాటి పానీయముగ చేయుదురు. గోంగూర పంచ్ అను మాట విని నవ్వువారు ఒక్కమారు త్రాగి పిదప నవ్వవలెను.

వర్ణవైచిత్ర్యమునకు శంఖుపుష్పము సాటిలేనిది. ఎండిన నీలిపూలను పదిపండ్రెండింటిని ఒక గ్లాసెడు వేడినీట నానవేసిన యెడల అచ్చమైన నీలవర్ణము దిగును. దానికి నిమ్మరసము తగిలినంతనే ఊదారంగును, మరికొంత తగిలిన గులాబివర్ణమును తాల్చును. అందలి యాంథోసయానిన్ల నిర్మాణము ఆమ్లమున మారుటయే కారణము. ఈ మార్పును అతిథుల కన్నులయెదుట జరిపింపవలెనన్న, నీలిజలమును గిన్నెలో కలుపక వేరు కూజాలో నుంచి, ప్రతి గ్లాసులోను పంచ్‌పై చెంచా వెనుకభాగమునుండి నెమ్మదిగ జారవిడువవలెను. పొరలు పొరలుగ రంగులు నిలుచుట సాంద్రతాభేదము వలననే: చక్కెర యెక్కువగల ద్రవము బరువై క్రిందికి దిగును, మద్యము నీటికంటె తేలిక గనుక పైకి లేచును. గ్లాసడుగున దానిమ్మపాకము ఒక చెంచాడు, దానిపై కమలరసముతో కూడిన పంచ్, కొనయందు శంఖుపుష్పజలము, ఈ క్రమమున పోసిన యెడల ఎఱుపు, పసుపు, ఊదా మూడును కొంతసేపు కలియక నిలుచును. 1970 దశకపు ఆరంభమున కాలిఫోర్నియాయందు ప్రచారము పొందిన టెకీలా సన్‌రైజ్ అను పానీయపు సౌందర్యమంతయు ఈ సాంద్రతాసూత్రమే. అందలి రుచి మాత్రము నిమ్మపులుపు తక్కువగుటచే ఒకింత చప్పన. నీలపు కురసావో మొదలగు రంగుమద్యములు కన్నులకు మెరుగే గాని నిమ్మతైలపు సువాసనముందు వాని కృత్రిమత్వము బయటపడును.

పంచ్‌జాతిలో చివరిదిగ చెప్పవలసినది పాలపంచ్. నిమ్మరసము కలిసిన పంచ్‌ను కాగిన పాలలో పోసిన యెడల పాలు విరిగి, ఆ విరుగుడుకు మద్యమునందలి వగరుపదార్థములును రంగులును అంటుకొనును. పలుచని గుడ్డలో, తొందరపడక, ఆ విరుగుడు పొరగుండనే మరల మరల వడగట్టిన యెడల జలమువలె స్వచ్ఛమైన పానీయము దిగును. పాలు అందున్నవని చూపునకు తెలియదు, నాలుకకు మాత్రము ఒక మెత్తదనము తోచును. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1763 అక్టోబరులో జేమ్స్ బౌడన్ అను మిత్రునకు పంపిన పాలపంచ్ పద్ధతి నేటికిని లభించుచున్నది. త్వరగా చెడు పదార్థములు విరుగుడుతో తొలగిపోవుట వలనను, మద్యము మిగులుట వలనను ఇది సీసాలలో మాసములకొలది నిలువ యుండును. నీటిపంచ్‌ను మాత్రము వడ్డించిన రాత్రియే ముగింపవలెను, మిగిలినచో నిమ్మచక్రములను తీసివైచి మూతపెట్టి శీతలపేటికలో నుంచి మరునాటి మధ్యాహ్నములోపల వాడవలెను.